తువ్వాలు కింద బేరం

పత్తి దిగడం మొదలైందంటే మా ఇంట్లో ఎవరికి వారే యమునా తీరే. మా ఆయనకు ఆదోని మార్కెట్ యార్డు దగ్గర కమీషన్ అంగడి ఉంది. తెల్లవారకముందే రైతుల ఫోన్లు మొదలవుతాయి. ఆయన ఒక చేత్తో ఫోను చెవికి ఆనించుకుని, ఇంకో చేత్తో చెప్పులు వెతుక్కుంటూ వెళ్ళిపోతాడు. నేను ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. పొద్దున బస్సు, పగలంతా బడి, సాయంత్రం పదో తరగతి పిల్లలకు అదనపు క్లాసు, మళ్ళీ బస్సు. ఇల్లు చేరేసరికి వీధిలైట్లు వెలుగుతుంటాయి. ఈ ఇద్దరి మధ్య ఏడాదిన్నర పాప. దాన్ని చూసుకునేది మా అత్త. అత్తకు మోకాళ్ళు అరిగాయి, పాపకేమో కొత్తగా కాళ్ళు వచ్చాయి. పాప గడప దాటి పరుగెత్తిందంటే అత్త వాకిట్లోనే నిలబడి, వచ్చే పోయే ఆటోలను కేకలేసి ఆపాల్సిందే.

పాపకు ఫోను ఎవరు అలవాటు చేశారని అడిగితే మా ఇంట్లో ఎవరి వాంగ్మూలం వారిది. వంట చేసుకోవడానికి కోడలే ఇచ్చిందని అత్త అంటుంది. అన్నం పెట్టడానికి అత్తే ఇచ్చిందని నేనంటాను. గోళ్ళు తీసేటప్పుడు కదలకుండా ఉంటుందని మా ఆయనే మొదట చూపించాడని మామ అంటాడు. మా ఆయన వంతు వచ్చేసరికి సరిగ్గా ఆయనకు ఫోను వస్తుంది. మొత్తానికి మూల పగిలిన ఆయన పాత ఫోనొకటి పాప సొత్తయింది. అన్నం పెట్టినప్పుడల్లా దాన్ని నీళ్ళ చెంబుకు ఆనించి పెట్టేవాళ్ళం. తెర మీద రంగురంగుల బంతులు దొర్లుతుంటాయి, కళ్ళున్న బస్సొకటి పాడుతుంటుంది. ఆ పాట ఏ భాషదో మా ఇంట్లో ఎవరికీ తెలీదు. బంతి దొర్లితే పాప నోరు తెరుచుకుంటుంది, అత్త ముద్ద పెట్టేస్తుంది. పప్పన్నమైనా రాగిసంగటైనా పాపకు ఒకటే, ఏం తింటోందో దానికే తెలీదు. గిన్నె ఖాళీ అయితే అత్త “నా బంగారు తల్లి, గమ్మున తినేసింది” అని మెచ్చుకునేది. ఖాళీ గిన్నె చూసి నాకూ సంతోషంగానే ఉండేది. అబద్ధమెందుకు?

దీనికి తోడు అదే ఫోనులో వీడియో కాల్స్. నేను మళ్ళీ బడికి వెళ్ళడం మొదలుపెట్టిన కొత్తలో పాప ఏడుపు ఆపేది కాదు. “అమ్మను ఫోన్లోనన్నా సూపిస్తాంలే, బిడ్డ మరిసిపోకుండా ఉంటాది” అని అత్తే ఆ పద్ధతి పెట్టింది. నాకూ నచ్చింది. ఇంటర్వెల్లో ఒకసారి, భోజనాలప్పుడు ఒకసారి, ఆ పైన బస్సులో సిగ్నల్ ఉన్నంత మేరా. ఆడవాళ్ళకు టికెట్టు తీసేసినప్పటి నుంచి మా బస్సులో నిలబడడానికే చోటు దొరకదు. చంకలో భోజనం సంచి ఇరికించుకుని, ఒక చేత్తో పై కమ్మీ, ఒక చేత్తో ఫోను పట్టుకుని “బంగారూ, అమ్మను చూడు, అమ్మను చూడు” అని అరిచేదాన్ని. పక్కనున్న ఆడవాళ్ళు నా భుజం మీదుగా తొంగిచూసి పాపకు టాటా చెప్పేవాళ్ళు. తల్లి అంటే ఇట్లుండాలని ఒకామె మెచ్చుకుంది కూడా.

ఒకరోజు పాప తెర మీద నా ముఖాన్ని వేలితో పైకి నెట్టింది. నచ్చని వీడియో వస్తే ఎలా నెడుతుందో అలాగే. అవతల అత్త పకపకా నవ్వింది. “సూడు దీని తెలివి! బస్సు పాట కావాలంట దీనికి!” అంది. నేనూ నవ్వాను. మరునాడు స్టాఫ్ రూములో గొప్పగా చెప్పుకున్నాను. సాయంత్రం బస్సులో కూర్చునే చోటు దొరికి, చేతులు ఖాళీ అయ్యాక ఆ వేలు గుర్తొచ్చింది. వెంటనే మళ్ళీ కాల్ చేశాను. పాప మళ్ళీ నెట్టింది.

ఆ తర్వాత కొద్దిరోజులకే, నేను ఇంట్లో అడుగుపెట్టేసరికి ఎదురింటావిడ వచ్చి కూర్చుని ఉంది. నన్ను చూడగానే పాప పరుగెత్తుకొచ్చింది. నా అలసటంతా తీరిపోయింది, రోజంతా ఈ ఒక్క పరుగు కోసమే కదా అనిపించింది. పాప వచ్చి నా సంచి పట్టుకుంది. లోపల చెయ్యి పెట్టి ఫోను కోసం తడుముతోంది. ఎదురింటావిడకు ముచ్చటేసింది. “ఏమ్మా, మీ అమ్మ యాడుంది? అమ్మను సూపించు సూద్దాం” అని అడిగింది. పాప సంచి వదిలి వెనక్కి తిరిగింది. నేను దాని పక్కనే ఉన్నాను, నా కొంగు దాని చెంపకు తగులుతూనే ఉంది. అది తప్పటడుగులు వేసుకుంటూ పోయి, చెంబుకు ఆనించిన పాత ఫోను మీద వేలు పెట్టింది. ఫోను ఆఫ్ చేసి ఉంది, నల్లటి తెర. “ఆఁ” అంది, అమ్మ ఇక్కడే కదా అన్నట్టు.

ఎదురింటావిడ నవ్వింది, అత్తా నవ్వింది. నేను వంటింట్లోకి వెళ్ళి, అత్త మీద కోపం దుత్త మీద చూపిన చందంగా గిన్నెలన్నీ ఎత్తెత్తి పడేశాను. తర్వాత కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. బిడ్డ మరిచిపోకూడదని మేం చేసిన పని ఇది. దానికి అమ్మంటే ఆ పలక. నేనెవరో సాయంత్రం సంచిలో అమ్మను వేసుకుని వచ్చే మనిషిని.

పాపకు ఇంకా మాటలు కూడా రాలేదు, పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన పాప వెనక చిటిక వేశాడు, గంట వాయించాడు, చెవులు బాగానే ఉన్నాయన్నాడు. మాటలు ఏమేం వచ్చని అడిగితే నేను నసిగాను. “ఫోను తగ్గించండి. మీరు దాని ముఖం చూసి మాట్లాడండి, అది మీ ముఖం చూసేలా చెయ్యండి. కొన్నాళ్ళు చూసి మళ్ళీ తీసుకురండి” అన్నాడు. ఆయన ఆ మాట చెబుతుండగానే మా ఆయన ఫోను మోగింది. ఆయన బయటికెళ్ళి, మాట్లాడి, లోపలికొచ్చి “ఏమన్నాడు?” అని నన్నడిగాడు. డాక్టరు మర్యాదస్తుడు, మందుల చీటీలోకి తలవంచుకున్నాడు.

తగ్గించమన్నాడు డాక్టరు. నాకు తగ్గించడం చేతకాదు, నిదానం నా జాతకంలో లేదు. పైగా బడిలో తల్లిదండ్రుల సమావేశం పెట్టినప్పుడల్లా పిల్లలకు ఫోన్లివ్వొద్దని శ్రీరంగనీతులు చెప్పేది నేనే. మరునాడు పొద్దున్నే పాత ఫోను తీసి బొరుగుల డబ్బా అడుక్కి తోసి, పైన బొరుగులు పోసి మూత పెట్టాను. “ఈ రోజు నుంచి ఫోను బంద్” అని చెప్పి బస్సెక్కాను. చెప్పడానికేం, నేను పోయి ఎమ్మిగనూరులో కూర్చుంటాను. ఆదోనిలో ఉండాల్సింది అత్త.

భోజనాల గంట కొట్టకముందే అత్త ఫోను. వెనక పాప ఏడుపు నాకు అత్త మాటలకన్నా ముందు వినిపించింది. “నీ బిడ్డ పొద్దన్నుంచి మెతుకు ముట్టలే. ఉమ్మేస్తాంది, గిన్నె ఇసిరికొట్టె. నువ్వు ఆడ కూసోని రూల్సు పెడితే ఈడ నేను సావాల్నా?” అంది అత్త. పాప ఏడ్చి ఏడ్చి వెక్కుతోంది. “బొరుగుల డబ్బాలో ఉంది అత్తా” అన్నాను. సాయంత్రం ఇంటికొచ్చేసరికి నట్టింటి నిండా బొరుగులు, వాటి మధ్యలో పాప, పాప చేతిలో ఫోను. అత్తకు గెలిచిన సంతోషం కూడా లేదు. గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని, మోకాళ్ళకు నూనె రుద్దుకుంటోంది. ఆమెను చూస్తే నా కోపానికి కూర్చునే చోటు దొరకలేదు. నేను బయటి బట్టలతోనే బొరుగులు ఊడ్చాను.

మిగిలింది మా ఆయన. అన్నాల దగ్గర పట్టుకున్నాను. “ఏమప్పా, ఇంట్లో ఉన్నంతసేపన్నా ఆ ఫోను పక్కన పెట్టకూడదా? అది చూసే కదా పాప కూడా అడిగేది” అన్నాను.

“సీజన్ల ఫోను ఎత్తకపోతే రైతు పక్కంగడికి పోతాడు. నీకు తెల్దా?” అన్నాడు.

తెలుసు. తెలిసే అడిగాను. నువ్వే బడి మానుకోరాదా అన్న మాట ఆయన నోటిదాకా వచ్చింది, నాకు కనబడింది. ఆయన దాన్ని మజ్జిగన్నంతో పాటు మింగేశాడు. ఆ మాట అని ఉంటే ఏమయ్యేదో ఆయనకూ తెలుసు. ఆ రాత్రి మేమిద్దరం పాప గురించి తప్ప మిగతావన్నీ మాట్లాడుకున్నాం.

సరిగ్గా ఆ రోజుల్లోనే మామకు కంటి ఆపరేషన్ అయింది. నల్లద్దాలు పెట్టి, కొన్నాళ్ళు టీవీ చూడొద్దు, ఫోను చూడొద్దు, దుమ్ములోకి పోవద్దు అన్నారు. మామ చిన్నప్పటి నుంచి మండీలో పెరిగిన మనిషి. అంగడి కొడుక్కి అప్పగించినా రోజూ పోయి ఒక మూల కుర్చీలో కూర్చుని, పత్తి చేతిలోకి తీసుకుని పీకి చూడందే ఆయనకు పొద్దుపోదు. ఆదోనిలో పత్తి సీజన్లో దుమ్ములోకి పోవద్దంటే ఇంట్లోంచి కదలొద్దని అర్థం. కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేవాడు. గడియకోసారి కొడుక్కి ఫోను కలపమనేవాడు, ఈ రోజు రేటెంతని అడిగేవాడు, సరిగ్గా చెప్పలేదని విసుక్కునేవాడు. “ఇంట్ల ఇద్దరు పసిపిల్లోళ్ళయినారు నాకు. ఇద్దరికీ ఫోనే కావాల” అని అత్త తల కొట్టుకునేది.

ఒక ఆదివారం బట్టలు ఆరేసి లోపలికొచ్చాను. మామ మంచం మీద, ఎదురుగా పాప నిలబడి ఉంది. ఇద్దరి చేతుల మీదా మామ తువ్వాలు కప్పి ఉంది. కింద ఏదో జరుగుతోంది, తువ్వాలు కదులుతోంది. మామ నల్లద్దాల మీదుగా కనుబొమలు పైకెత్తి, బుగ్గలు పూరించి, “అబ్బా! అంత రేటా! మునిగిపోతినే!” అన్నాడు. పాప కిలకిలా నవ్వింది.

“ఏం చేస్తున్నారు మామా?” అన్నాను.

“బేరం సేస్తాండాము. అడ్డం రాకు” అన్నాడు.

వెనకటికి బేరాలు అలా జరిగేవట. నోటితో రేటు చెబితే చుట్టూ ఉన్నవాళ్ళు వింటారని, తువ్వాలు కప్పుకుని కింద చేతులు కలిపేవాళ్ళట. ఇన్ని వేళ్ళు పట్టుకుంటే ఇంత, సగం వేలు నొక్కితే ఇంత. ఇప్పుడు అన్నీ కంప్యూటర్లో పడుతున్నాయి, ఎద్దుల సంతల్లో తప్ప ఆ పద్ధతి లేదన్నాడు మామ. నాకూ ఆసక్తి పుట్టింది. నోరు మెదపకుండా ఉంటే ఎదుటివాడు ఒప్పుకుంటాడో లేదో ఎలా తెలుస్తుందని అడిగాను.

“మొగం సూడాల” అన్నాడు మామ. “సెయ్యి ఎన్నన్నా సెప్తాది. కండ్లు సూస్తే తెలిసిపోతాది, వాడు దిగుతాడా లేదా అని. ఒప్పుకుంటే సెయ్యి వదలాల. ఒప్పుకోకుంటే వదలగూడదు, అంతే.”

నేను పాపను చూశాను. చెయ్యి కనబడడం లేదు కాబట్టి దానికి చూడడానికి ఇంకేమీ లేదు. తాత వేలు నొక్కడం, గబుక్కున తలెత్తి తాత ముఖంలోకి చూడడం. కనుబొమలు లేస్తాయా, బుగ్గలు పొంగుతాయా, ఎప్పుడు పొంగుతాయి అని నోరు తెరుచుకుని చూస్తోంది. నా బిడ్డ ఒక మనిషి ముఖాన్ని అంతసేపు చూడడం నేనెప్పుడూ చూడలేదు. సంతోషం వేసింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది కూడా. ఆ చూపు నాకు కావాలి.

అత్త తెలివైంది. మరునాటి నుంచే ఒక బేరానికి ఒక ముద్ద అని పెట్టింది. మామ “కుదిరె!” అని చెయ్యి వదలగానే అత్త ముద్ద పెట్టేది. అన్నం సగం తువ్వాలు మీదే పడేది, పాప తినేది మునుపటికన్నా తక్కువే, అయినా పప్పు కారంగా ఉంటే ముఖం చిట్లించేది. ఫోను మేం మాన్పించామని చెప్పను. అత్తకు మోకాళ్ళు పట్టేసిన రోజు, ఇంటికి బంధువులొచ్చిన రోజు చెంబు దగ్గరికి ఫోను వచ్చేది. గోళ్ళు తీయడానికి ఇప్పటికీ అదే దిక్కు. తగ్గింది, అంతవరకు నిజం. మా ఆయన కూడా అన్నం తినేటప్పుడు ఫోనును స్కూటరు డిక్కీలో పెట్టి రావడం మొదలుపెట్టాడు. తింటున్నంతసేపూ ఆయన చెవులు మాత్రం వాకిట్లోనే ఉండేవి. అది మోగినట్టు వినబడి రెండుసార్లు ఎంగిలి చేత్తో బయటికి పరుగెత్తాడు.

నా వంతు వీడియో కాల్స్ మానడం. అది చేసినవాళ్ళకు తెలుస్తుంది. ఇంటర్వెల్ గంట కొట్టగానే నా చెయ్యి సంచిలోకి పోయేది. తీసేదాన్ని, పెట్టేసేదాన్ని. పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతూ ఒకే లెక్కకు రెండుసార్లు మార్కులు వేశాను. తిన్నదా, పడుకుందా అని అత్తకు మామూలు ఫోను చేసి అడిగితే, ఆ పక్కన పాప నవ్వు వినిపించేది. ఏం చూసి నవ్విందో తెలీదు. బస్సులో కిటికీ పక్కన చోటు దొరికినా ముళ్ళ మీద కూర్చున్నట్టే ఉండేది. దాన్ని నేను చూడకుండా ఉంటే అది నన్ను పూర్తిగా మరిచిపోతే? ఫోనులో ఉన్న ఆ అమ్మ కూడా పోయి, ఏ అమ్మా లేకపోతే? నేను పగలంతా ఇంట్లో ఉండనని, బస్సులోంచి ఫోన్లోనే పాపకు కనబడతానని డాక్టరుకు చెప్పలేదే అని రోజూ అనుకునేదాన్ని.

ఇంటికొచ్చాక కూడా అంతే. పాప తాత ముఖం చూస్తోంది, నాన్నమ్మ ముఖం చూస్తోంది, ఎదురింటావిడ వస్తే ఆమె మీద కూడా తువ్వాలు వేస్తోంది. నేను వస్తే మాత్రం సంచి. సంచిని కిటికీ పైన పెట్టాను, కిటికీ కింద నిలబడి ఏడ్చింది. మామ తువ్వాలు తీసుకుని నేనే దాని ముందు కూర్చున్నాను. చెయ్యి లాక్కుని సంచి వైపు చూసింది. “తొందరపడొద్దు. బేరానికి కూసున్నోనికి ఆత్రం కనబడితే ఎదుటోడు లేసిపోతాడు” అని మామ అన్నాడు. ఆయన మంచికే చెప్పాడు. నాకు మాత్రం ఆ తువ్వాలు తీసి గోడకు విసిరేయాలనిపించింది.

ఆ తర్వాత ఒక సాయంత్రం మా బస్సు దారిలో ఆగిపోయింది. టైరు పోయిందన్నారు. జొన్న చేల పక్కన అందరం దిగి నిలబడ్డాం. ఇంటికి చెబుదామని ఫోను తీస్తే చార్జింగు లేదు. పక్కామెనడిగి ఆమె ఫోనుతో చేయబోతే ఇంట్లో ఒక్కరి నంబరు కూడా గుర్తులేదు. లెక్కల టీచర్ని! వెనక బస్సు వచ్చేదాకా రోడ్డు మీద అటూ ఇటూ తిరిగాను. కండక్టరు “గమ్మున నిలబడమ్మా, సూసేటోళ్ళకి కండ్లు తిరుగుతాండాయి” అన్నాడు. వెనక బస్సులో కాలు మోపే చోటు లేదు. మెట్టు మీద నిలబడే ఆదోని చేరాను.

ఆటో దిగేసరికి మామ వాకిలి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, పాప ఒళ్ళో ఉంది. అత్త గడప దగ్గర స్తంభం పట్టుకుని నిలబడింది. “యాడికి పోయినావమ్మా, ఫోనన్నా ఎత్తకూడదా, పానం పోయె మాకు!” అని అత్త మొదలుపెట్టింది. నేను పాపను చూస్తున్నాను. అది తాత ఒళ్ళోంచి దిగింది. నడుచుకుంటూ నా దగ్గరికొచ్చింది. సంచి వైపు చూసింది.

అప్పుడు నాకు ఓపిక పూర్తిగా అయిపోయింది. అమ్మ ఎక్కడని అడగడానికి ధైర్యం లేదు. సంచి కింద పెట్టేసి, కావలసింది తీసుకో తల్లీ అనుకుని మెట్టు మీద కూలబడ్డాను.

పాప సంచి దగ్గర ఒక్క క్షణం నిలబడింది. తర్వాత వెనక్కి పోయి, తాత భుజం మీది తువ్వాలు లాగింది. ఊడిరాలేదు. “ఉండవే” అంటూ మామ వంగి ఇచ్చాడు. దాన్ని మట్టిలో ఈడ్చుకుంటూ తెచ్చి నా చేతుల మీద వేసింది. సగం నా చేతుల మీద పడింది, సగం నా మోకాళ్ళ మీద. సర్దుకోవడం రాక అలాగే కింద చెయ్యి దూర్చి వెతికింది. నా చిటికెన వేలు దొరికింది. గట్టిగా పట్టుకుంది. పట్టుకుని తలెత్తి చూసింది.

నా ముఖంలోకే. వీధిలైటు వెలుగులో దాని కళ్ళు నా కళ్ళ మీద, అక్కణ్ణుంచి నా నోటి మీద, మళ్ళీ కళ్ళ మీద తిరిగాయి. ఏదో జరుగుతుందని ఎదురుచూస్తోంది. నేను కనుబొమలు లేపాలి, బుగ్గలు పూరించాలి. ఏడుపు ఆపుకోవడంలో నా ముఖం ఎలా వంకర్లు పోయిందో ఏమో, పాప అదే ఆట అనుకుని కిలకిలా నవ్వి ఇంకో వేలు కూడా పట్టుకుంది.

“ఏమ్మా, కుదిరిందా బేరం?” అన్నాడు మామ.

“లేదు మామా” అన్నాను. “మీ మనవరాలు ఒప్పుకోవడం లేదు.”

కుదిరిందంటే చెయ్యి వదలాలి కదా.